పనిగంటల ఖాతా – క్లయింటు బిల్లు, ప్రాజెక్టు ఖర్చు

వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థికి మొదటి సంవత్సరముననే చిట్టా, ఆవర్జాల భేదము బోధింపబడును. ఏ నాటి వ్యవహారము ఆ నాడే చిట్టాకెక్కును. అది ఏ ఖాతాకు చెందునో పిమ్మట ఆవర్జాలో ఆ ఖాతాకు చేరును. ఆవర్జా, జమ, ఖర్చు, బాకీ, రసీదు – ఈ మాటలన్నియు పారశీకము, అరబ్బీల నుండి దక్కను దఫ్తరుల ద్వారా తెలుగున స్థిరపడినవి. కావున మన కళాశాలలో ఉర్దూ మాధ్యమ విద్యార్థియు, తెలుగు మాధ్యమ విద్యార్థియు ఇంచుమించు ఒకే పదజాలముతో లెక్క వ్రాయుదురు. దుబాసీ అవసరము లేని శాస్త్రము మన ప్రాంగణమున ఇదొక్కటే యేమో!

బియ్యపు బస్తాకు ఖాతా కలదు. దుకాణపు కిరాయికి ఖాతా కలదు. కాని నేటి మన పట్టభద్రులలో పెక్కుమంది అమ్ముచున్న సరుకు బస్తాలలో కొలువబడునది కాదు. అనువాదము చేయువారు, పుటలు కూర్చువారు, వెబ్‌సైటు నిర్మించువారు, ఇతరుల పన్ను లెక్కలు దాఖలు చేయువారు, ఇంటి నక్షాలు గీయువారు – వీరందరు అమ్మునది తమ పనిగంట. ఆ గంటను వ్రాసికొను చిట్టా పెక్కుమందికి లేదు. ఉన్నవారికిని దాని నుండి ఆవర్జా తేలదు. ఇప్పుడు కాలమును నమోదు చేయు సాఫ్ట్‌వేర్లు విరివిగా లభించుచున్నవి. కొన్ని ఉచితముగనే దొరకును. ఐనను వాటిని గడియారమువలె వాడువారే ఎక్కువ. లెక్కపుస్తకమువలె వాడువారు తక్కువ. ఈ భేదము వలన ఒక చిన్న కార్యాలయము ఎట్లు నష్టపడినదో, ఆ సాఫ్ట్‌వేరును మొదటనే ఎట్లు అమర్చుకొనవలెనో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ పద్ధతికి చిన్న చరిత్ర కలదు. అమెరికాలోని బోస్టన్ నగరమున పేదలకు న్యాయసహాయము అందించు సంఘమునకు 1914లో రెజినాల్డ్ హీబర్ స్మిత్ అను యువ న్యాయవాది అధిపతి యయ్యెను. పేదలకు న్యాయము అందకుండుటను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1919లో వెలువడినది. ఆ సంవత్సరమే హేల్ అండ్ డార్ అను న్యాయవాద సంస్థలో చేరి, నిర్వహణ భారము వహించి, అచట రోజువారీ కాలపత్రమును నెలకొల్పెను. గంటను పది భాగములు చేసి, ఆరు నిమిషములను ఒక ప్రమాణముగా గ్రహించెను. ఏ వ్యాజ్యమునకు ఎంత శ్రమ వ్యయమగుచున్నదో సంస్థకు తెలియవలెనని ఆయన ప్రధానోద్దేశము. గంటకింత అని క్లయింటుకు బిల్లు వేయు ఆచారము అమెరికాలో క్రమముగా బలపడినది. 1975లో గోల్డ్‌ఫార్బ్ వ్యాజ్యమున వర్జీనియా న్యాయవాదుల కనీస రుసుముల పట్టిక చెల్లదని అచటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పిమ్మట అది మరింత వ్యాపించినది. మన దేశమున వకీలు రుసుము నేటికిని ఎక్కువగా వ్యాజ్యమునకింత, హాజరునకింత అనియే నిర్ణయింపబడుచున్నది.

ఈ చరిత్రలో మనకు కావలసినది ఒక్క అంశమే. వ్రాసిన గంటకు రెండు ఉపయోగములు కలవు. ఒకటి, క్లయింటు నుండి రావలసినది తేల్చుట. రెండవది, మనకు అయిన ఖర్చు తేల్చుట. మొదటిది బిల్లు రేటు, రెండవది ఖర్చు రేటు. ఒకే గంట రెండు ఖాతాలకెక్కును. ఈ రెండు రేట్లను పని మొదలిడుటకు పూర్వమే నిర్ణయించి సాఫ్ట్‌వేరున ఉంచని యెడల, మీట నొక్కిన ప్రతి గంటయు అంకెగా మాత్రమే మిగులును.

నా పూర్వ విద్యార్థి యొకరు హైదరాబాదు పాతనగరమున మువ్వురితో కూడిన చిన్న కార్యాలయము నడుపుచున్నారు. ఉర్దూ, తెలుగు, ఆంగ్లముల మధ్య అనువాదము, పుటల కూర్పు వారి వృత్తి. ఆ పరిసరములందే ఛత్తాబజారు కలదు. అచట కాతిబులు కలముతో నస్తాలీఖు వ్రాసిన కాలమున కూలి పుటకింత అని యుండెడిది. 1994లో ఇన్‌పేజ్ వచ్చిన పిమ్మట కలము పని కంప్యూటరు పని అయినది గాని, పుటకింత అను లెక్క చాలాచోట్ల అట్లే నిలిచినది. పుటకు రేటు చెప్పుట తప్పు కాదు. పుట వెనుక ఎన్ని గంటలున్నవో తెలియకుండ చెప్పుటయే తప్పు.

ఆయన ఒకనాడు నా యింటికి వచ్చి, “పని అయితే ఆగుతలేదు సార్, పైసలే మిగుల్తలేవు” అనెను. ఒక ధర్మసంస్థ వారి రెండు భాషల సంచికను 40,000 రూపాయలకు ఒప్పుకొని పూర్తిచేసిరట. మనసులో వేసికొన్న అంచనా 110 గంటలు: అనువాదమునకు 60, కూర్పునకు 30, ప్రూఫులకు 15, సమావేశములకు 5. గంటల నమోదుకై సాఫ్ట్‌వేరును కూడ వాడిరి. మువ్వురును నిష్ఠతో ప్రారంభపు మీటయు, ముగింపు మీటయు నొక్కిరి. రిపోర్టు తెరచి చూచితిమి. గంటలు 155. రూపాయల గడిలో సున్న! ఎవ్వరికిని రేటు పెట్టలేదు. పని విభాగములు పెట్టలేదు. 155 గంటలలో ఏ పనికి ఎన్ని పోయినవో తెలియుటకు ఆయన తన ఫోనులోని సందేశములను తేదీల వారీగా వెదకవలసి వచ్చినది. రెండు సాయంత్రములు కూర్చుండి తేల్చితిమి. అనువాదము 64 – అంచనాకు మించినది నాలుగే. కూర్పు 42. ప్రూఫులు 31. సమావేశములు, ఫోను సంభాషణలు 18.

భాష వచ్చినవారు భాషలో పొరబడలేదు. క్లయింటుతో మాట్లాడు కాలమున, దిద్దుబాట్లలో పొరబడిరి. గంటల లెక్క లేనిచోట ఎల్లప్పుడు ఈ రెండు చోట్లనే కారును.

ఇక ఖర్చు రేటు. విద్యార్థులు ఇచట కొంచెము నిదానముగా చదువవలెను. ఆయన చెప్పిన అంకెలను లెక్క సులువగుటకై గుండ్రముగా సవరించి యిచ్చుచున్నాను. ఒక్కొక్కరి జీతము నెలకు 25,000. పండుగ బోనసు 12,000 కలిపిన సంవత్సరమునకు 3,12,000. “మీ జీతమెంత?” అని అడిగితిని. “ఓనరుకు జీతమేంది సార్, మిగిలిందే నాది” అని నవ్వెను. మిగులునది జీతము కాదు, లాభము. యజమాని తాను చేసిన అనువాదమునకు వేరొకరిని నియమించినచో ఎంత ఈయవలసి వచ్చునో అంత ఖర్చుగా వ్రాయవలెనని చెప్పి, ఆయనకును అదే జీతము వ్రాసితిని.

సంవత్సరమున 365 దినములు. ఆదివారములు 52 పోగా 313. పండుగలు, సెలవులు 25 తీసివేసిన 288. దినమునకు 8 గంటల చొప్పున 2,304 గంటలు. జీతమును దీనితో భాగించిన గంటకు సుమారు 135 రూపాయలు. సాధారణముగా అందరు ఇచటనే ఆగుదురు. ఆ లెక్కన సంచికకైన ఖర్చు 155 గంటలకు 20,925, వచ్చినది 40,000, లాభము 19,075. ఇంత లాభము వచ్చినచో ఆయన నా యింటికి రానక్కర లేదు.

జీతముతో పాటు కార్యాలయము కూడ తిండి అడుగును. కిరాయి 1,20,000, విద్యుత్తు, ఇంటర్నెట్టు 48,000, కంప్యూటర్లు, ప్రింటరు అరుగుదల 60,000, సాఫ్ట్‌వేరు చందాలు, మరమ్మతులు వగైరా 42,000. మొత్తము 2,70,000, మనిషికి 90,000. జీతముతో చేర్చిన మనిషికి 4,02,000. దీనిని 2,304 గంటలకు పంచిన గంటకు ఇంచుమించు 175.

ఐనను 2,304 గంటలును అమ్ముడుపోవునా? కొత్త పనుల కొరకు తిరుగుట, కొటేషన్లు వ్రాయుట, కంప్యూటరు చెడినప్పుడు ఎదురుచూచుట, బాకీల కొరకు ఫోను చేయుట – వీటికి ఎవ్వరును డబ్బు ఈయరు. వారి నమోదులను సంవత్సరమంతటికి పరిశీలింపగా క్లయింటుకు బిల్లు వేయదగిన గంటలు మనిషికి సుమారు 1,500 తేలినవి. ఈ 1,500 గంటలే తక్కిన 804 గంటలను కూడ మోయవలెను. 4,02,000ను 1,500తో భాగించిన 268 వచ్చును. అమ్మిన గంటకు ఇదియే నిజమైన అడుగు ధర. సంచికకు 155 గంటల ఖర్చు 41,540. వచ్చినది 40,000. నష్టము 1,540 రూపాయలు. మొత్తము చిన్నదే, కాని మువ్వురు మూడు వారములు పని చేసి క్లయింటుకు ఎదురు డబ్బు ఇచ్చినట్లయినది!

ఇప్పుడొక సూక్ష్మము. సాఫ్ట్‌వేరున ఖర్చు రేటుగా 175 వ్రాయవలెనా, 268 వ్రాయవలెనా? కార్యాలయపు సొంత పనులను కూడ “కార్యాలయము” అను పేరిట ఒక ప్రాజెక్టుగా పెట్టి, ప్రతి గంటను నమోదు చేయువారు 175 వ్రాయవలెను. అప్పుడు అమ్ముడుపోని గంటల ఖర్చు ఆ ప్రాజెక్టు కింద విడిగా కనబడును. క్లయింటు గంటలను మాత్రమే నమోదు చేయువారు 268 వ్రాయవలెను. రెండును కలిపి, అన్ని గంటలను నమోదు చేయుచు 268 వ్రాసినచో, మనిషి సాలు ఖర్చు 6,17,472గా తేలును. నిజమునకు అయినది 4,02,000. ఒకే ఖర్చు రెండు మారులు పడినది. జమాఖర్చులో ఒకే రసీదును రెండుసార్లు ఎక్కించినట్టిదే ఈ దోషము. నేను మొదటి పద్ధతినే మెచ్చుకొందును. ఏలయన, అమ్ముడుపోని గంట కంటికి కనబడినగాని దానిని తగ్గించు యోచన పుట్టదు.

అడుగు ధర 268 అయినప్పుడు బిల్లు రేటు అంతకు మించి యుండవలెను. పని దొరకని నెలలు, వసూలు కాని బాకీలు, కొత్త యంత్రములు – వీటిని తలచి 350గా నిర్ణయించితిమి. ఇది మా నిర్ణయము. శాస్త్రము చెప్పిన అంకె కాదు.

సాఫ్ట్‌వేరున ఈ అంకెలను ఎచట, ఏ వరుసలో ఉంచవలెను? దృష్టాంతమునకు కిమై అను సాఫ్ట్‌వేరును గ్రహింతము. ఇది మూలసంకేతము బహిరంగముగా నున్నట్టిది. తమ సొంత సర్వరుపై ఉచితముగా నెలకొల్పుకొనవచ్చును. టోగుల్, క్లాకిఫై, హార్వెస్ట్ మొదలగునవియు కలవు. వాటిలో కొన్ని సౌకర్యములు చందా చెల్లించినవారికే లభించును. పేర్లు మారినను కట్టడము ఒక్కటే: పైన క్లయింటు, ఆ కింద ప్రాజెక్టు, ఆ కింద పని విభాగము, అన్నిటికి దిగువన నమోదైన గంట. తెలిసినవారికి ఇది ఆవర్జాలోని ఖాతా, ఉపఖాతాల వరుసయే.

మొదట క్లయింటును సృష్టింపవలెను. చిరునామా, పన్ను నమోదు సంఖ్య, చెల్లింపు ఏ ద్రవ్యమున జరుగునో అదియు ఇచటనే వ్రాయవలెను. జిద్దా, దుబాయిల నుండి పని పంపు క్లయింటుకు దిర్హమో రియాలో డాలరో మొదటనే ఉంచనిచో పిమ్మట రూపాయలతో కలగలసి మొత్తములు అర్థరహితములగును. తరువాత ప్రాజెక్టు: ఒప్పందపు తేదీ, ఆర్డరు సంఖ్య, ప్రారంభము, ముగింపు, కేటాయించిన గంటలు, కేటాయించిన డబ్బు. పిమ్మట పని విభాగములు. వీటిని ఐదారుకు మించనీయరాదు. ఇరువది విభాగములు పెట్టినచో పనివాడు విసిగి అన్నిటిని మొదటి విభాగమునకే వ్రాయును. అనువాదము, కూర్పు, మొదటి రెండు ప్రూఫులు, అదనపు ప్రూఫులు, సమావేశములు – సంచికకు ఇవి చాలును. “అదనపు ప్రూఫులు” అని వేరుగా పెట్టుట యెందుకో ముందు తెలియును.

రేటు ఒక్కచోటనే ఉండదు. కిమైలో పని విభాగమునకు రేటున్నచో అదియే చెల్లును, లేనిచో ప్రాజెక్టుది, అదియు లేనిచో క్లయింటుది, చివరకు మనిషి సొంత రేటు. ఏ మెట్టున నైనను ఫలానా మనిషికని ప్రత్యేకముగా రేటు పెట్టినచో, ఆ మెట్టున సాధారణ రేటు కంటె అది ముందు నిలుచును. ఏ మెట్టునను ఏమియు లేనిచో సున్న. నా విద్యార్థి రిపోర్టులో కనబడిన సున్న ఇదియే. ఇతర సాఫ్ట్‌వేర్లలో ఈ వరుస కొంత భేదించును గనుక, ఒక కల్పిత గంటను నమోదు చేసి, ఏ రేటు పడినదో చూచి, ఆ నమోదును తుడిచివేయుట మంచిది. ఐదు నిమిషముల పని. ఖర్చు రేటునకు వేరు గడి కలదు. దానిని అంతరంగిక రేటని యందురు. అది క్లయింటు బిల్లున కనబడదు. బిల్లు వేయదగినదా కాదా అను గుర్తు మరొకటి. కార్యాలయపు సొంత ప్రాజెక్టుకు ఆ గుర్తు తీసివేయవలెను.

మొత్తపు ధరకు ఒప్పుకొన్న పని విషయమున ఒక గోతిని గూర్చి హెచ్చరింపవలెను. గంట రేటు పక్కన స్థిర రేటు అను మరొక వికల్పము కనబడును. సంచిక ధర స్థిరమే కదా యని అచట 40,000 వ్రాయబోవుదురు. కాని అచట స్థిర రేటు ప్రతి నమోదుకును వర్తించును, మొత్తము ప్రాజెక్టుకు కాదు. అరువది నమోదులున్నచో బిల్లు 24 లక్షలని చూపును! 40,000ను ప్రాజెక్టు బడ్జెటు గడిలో వ్రాయవలెను. గంట రేటును 350గనే ఉంచవలెను. క్లయింటుకు బిల్లు 40,000కే వెళ్లును. లోపల మాత్రము గంటల విలువ ఆ బడ్జెటును ఎంతవరకు తినివేసినదో ప్రతిదినము కనబడుచుండును.

ఆ కనబడుటయే దీని సారము. 110 గంటల కేటాయింపులో నూటికి 80 వంతులనగా 88 గంటలు. ఆ మేర చేరిన నాడు మిగిలిన పనిని, మిగిలిన 22 గంటలను పక్కపక్కన పెట్టి చూడవలెను. పని ముగిసిన పిమ్మట తెలిసిన నష్టము చరిత్ర మాత్రమే. 88వ గంటన తెలిసినది క్లయింటుతో చర్చింపదగిన విషయము.

నిమిషములను గుండ్రము చేయు అమరిక చిన్నదిగా కనబడును గాని, అందు నీతి ఇమిడియున్నది. ప్రతి నమోదును పైకి 15 నిమిషములకు గుండ్రము చేయుమని అమర్చినచో, నాలుగు నిమిషముల ఫోను పావుగంటగా మారును. అట్టివి ఇరువది జరిగినచో నిజమైన కాలము 80 నిమిషములు. బిల్లులో ఐదు గంటలు. 350 చొప్పున 467 రూపాయలకు బదులు 1,750. ఇది ఒప్పందమున వ్రాసియున్నచో వ్యాపార నియమము. వ్రాయకున్నచో దానికి వేరు పేరు కలదు. ఒకే గంటను ఇరువురు క్లయింటులకు వ్రాయుట మరియొక దోషము. రైలులో పోవుచు ఒకరి పనికై ప్రయాణమును, మరొకరి పనికై చదివిన కాగితమును బిల్లు వేయవచ్చునా అను ప్రశ్నకు అమెరికా న్యాయవాద సంఘము 1993లోనే కూడదని అభిప్రాయము వెలిబుచ్చినది.

జ్ఞాపకము మీద గంటలు వ్రాయువారికి నా అనుభవమొకటి చెప్పుదును. ఉద్యోగపు తొలి సంవత్సరములలో సాయంకాలములందు ఒక కార్యాలయమునకు అనువాదము చేసితిని. నెలాఖరున జ్ఞాపకము మీద 38 గంటలని బిల్లు వ్రాసితిని. అచటి అధికారి, “ఏ రోజు ఎన్ని గంటలండీ?” అని సౌమ్యముగనే అడిగెను. చెప్పలేకపోతిని. 25 గంటలకు చెల్లించిరి. నాకు అన్యాయము జరిగినదని చాలకాలము తలచితిని. ఇల్లు మారునప్పుడు పాత జేబుడైరీ దొరకినది. నేను బిల్లు వ్రాసిన సాయంకాలములలో రెండు దినములు బంధువుల పెండ్లికై వేరే ఊరిలోనున్నట్లు నా చేవ్రాతనే అందున్నది. 38 తప్పు, బహుశః 25యు తప్పే. నిజమేదో తేల్చుటకు ఆధారము ఉభయులకును లేదు. కావున పని ముగిసిన వెంటనే నమోదు చేయవలెను; నమోదుతో పాటు ఒక్క వాక్యమైన వివరము వ్రాయవలెను. “ప్రూఫు” అని వ్రాయుట చాలదు. “41 నుండి 56వ పుట వరకు రెండవ ప్రూఫు, క్లయింటు కొత్తగా చేర్చిన రెండు పేరాలతో” అని వ్రాసినచో మూడు నెలల పిమ్మటను ఎవరు అడిగినను సమాధానము చెప్పవచ్చును.

బిల్లు తయారగునప్పుడు రెండు జాగ్రత్తలు. బిల్లుకెక్కిన గంటలకు “ఎగుమతి అయినవి” అను ముద్ర పడవలెను. లేనిచో వచ్చే నెల బిల్లులో అవే గంటలు మరల చేరును. రెండవది, సంవత్సరము మధ్య రేటు పెంచినచో పాత నమోదులు పాత రేటుననే నిలుచును; అది ఉచితమే. రేటు మార్పు తేదీని క్లయింటుకు ముందుగా వ్రాతమూలమున తెలుపవలెను.

పన్ను విషయము క్లుప్తముగా. మన తెలుగు రాష్ట్రములలో సేవలు మాత్రమే అందించువారికి సాధారణముగా సాలు రాబడి 20 లక్షలు దాటినప్పుడు జీఎస్టీ నమోదు తప్పనిసరి యగును. నమోదు కానివారు బిల్లున ఆ పన్ను వసూలు చేయరాదు. నమోదైనవారి 20,000 రూపాయల బిల్లుపై 18 శాతము చొప్పున 3,600 చేరి 23,600 అగును. మూలమున ఆదాయపు పన్ను కోయవలసిన బాధ్యత గల క్లయింటు, వృత్తి రుసుముపై 10 శాతము చొప్పున, జీఎస్టీని విడిగా చూపియున్న యెడల, 20,000 మీదనే 2,000 కోయును. చేతికి వచ్చునది 21,600. ఈ 2,000 నష్టము కాదు. మన పేర జమయైన పన్ను. ప్రాజెక్టు ఖర్చులో దీనిని వ్రాయువారిని చూచితిని, అది పొరబాటు. విదేశములలో తయారైన సాఫ్ట్‌వేరుల బిల్లు నమూనాలు మన జీఎస్టీ నియమములకు పూర్తిగా సరిపడకపోవచ్చును గనుక, పన్ను బిల్లును ట్యాలీ వంటి దానిలో తయారుచేసి, గంటల పట్టికను అనుబంధముగా జతపరచుట మేలు. సూక్ష్మ, చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు పొందినవారికి 2006 నాటి చట్టము ప్రకారము, వ్రాతపూర్వక ఒప్పందమున్నను 45 దినములు మించకుండ చెల్లింపు జరుగవలెను. ఈ హక్కు ఉన్నట్లు చాలమందికి తెలియదు. తెలిసినవారు వాడుటకు జంకుదురు.

ఈ పద్ధతిపై ఒక ఆక్షేపణ కలదు, అది సమంజసమైనదే. మీట నొక్కుచు పనిచేయుట కూలివానిపై కాపలా పెట్టినట్లుండునని ఆ కార్యాలయమున కూర్పు చేయు అమ్మాయి యొకతె అనెనట. గంటల లెక్క ఎవరు నెమ్మదిగా చేయుచున్నారో పట్టుకొనుటకు వాడినచో పనివారు అబద్ధపు గంటలు వ్రాయుదురు. అప్పుడు ఖర్చు లెక్క కూడ అబద్ధమగును. యజమాని తన గంటలను కూడ అందరికి కనబడునట్లు నమోదు చేయుట మొదలిడిన పిమ్మట ఆమె ఆక్షేపణ కొంత తగ్గినదని వినుచున్నాను. పూర్తిగా పోలేదు. తెరచిత్రములు తీయుట, మౌసు కదలికలు లెక్కించుట వంటి సౌకర్యములు కొన్ని సాఫ్ట్‌వేర్లలో కలవు. బిల్లుకు గాని ఖర్చుకు గాని అవి అవసరము లేదు.

మరుసటి సంవత్సరము అదే ధర్మసంస్థ అదే సంచికను అప్పగించినది. ధర అదే 40,000. ఐతే ఒప్పందమున రెండు ప్రూఫుల వరకే ఆ ధర వర్తించుననియు, ఆపైన గంటకు 350 అనియు ఒక పంక్తి చేర్చిరి. 88వ గంటన ఆయన కార్యదర్శికి ఫోను చేసిరి. “పోయినసారి అడగలేదు కదా” అని ఆయన నొచ్చుకొనెను. పోయినసారి గంటల పట్టికను, ఈసారి పట్టికను పక్కపక్కన చూపిన పిమ్మట ఆలోచించి, మూడవ ప్రూఫునకు పుటలను తామే ముందుగా చదివి ఒక్కమారే దిద్ది పంపిరి. మొత్తము గంటలు 122. అందు అదనపు ప్రూఫులు 12, వాటికి 4,200. వచ్చినది 44,200. అడుగు ధరన ఖర్చు 32,696. మిగిలినది 11,504. ఇదే నిబంధన చెప్పగా మరియొక పాత క్లయింటు మాత్రము పని వేరొకరికి ఇచ్చివేసెను. ఆయన పని గంటకు 190 మాత్రమే తెచ్చుచుండెనని పట్టిక చూచిన తరువాత తెలిసినది.

విద్యార్థులకు అభ్యాసముగా మన సంచికనే గ్రహింపవచ్చును. కళాశాల కార్యవర్గమును క్లయింటుగా, ఈ సంచికను ప్రాజెక్టుగా పెట్టుడు. వ్యాసముల సేకరణ, ఉర్దూ భాగపు కూర్పు, తెలుగు భాగపు కూర్పు, ప్రూఫులు, ముద్రణాలయమునకు తిరుగుట – ఇవి పని విభాగములు. సంపాదకవర్గపు విద్యార్థులు ఒక మాసము తమ గంటలను నమోదు చేయవలెను. పై పద్ధతిన ఖర్చు రేటును మీరే కట్టుడు. కళాశాల గదికి కిరాయి లేదని విడిచిపెట్టక, అట్టి గదికి బజారున ఎంత కిరాయి పలుకునో విచారించి చేర్చుడు. ఉర్దూ పుటకెన్ని గంటలు, తెలుగు పుటకెన్ని గంటలు పట్టినవో తేలినవారు ఆ పట్టికను వాణిజ్యశాస్త్ర విభాగమున చూపవచ్చును. నా గదిలో సాయంకాలము నాలుగు గంటల వరకు ఉందును.